ఉయ్యాల ఆగినా మెలకువ రాకుండా

పురుటికి పుట్టింటికి వెళ్లిన అమ్మాయి మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని సొంతింటికి వస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంతవరకు రాత్రి ఒకట్రెండుసార్లు లేచిన బిడ్డ ఐదారుసార్లు లేవడం మొదలుపెడుతుంది. "చోటు మారింది కదమ్మా, అలవాటవ్వాలి" అంటారు పెద్దవాళ్లు. అది సగమే నిజం. మూడు నాలుగు నెలల మధ్య పిల్లల నిద్ర తీరే మారిపోతుంది. అప్పటిదాకా నిద్రలో దాదాపు సగం కదులుతూ, మూలుగుతూ, మొహం చిట్లిస్తూ గడిచేది. ఇప్పుడు మనకున్నట్టే తేలిక నిద్ర, గాఢ నిద్ర అని దశలు ఏర్పడతాయి. ఒక్కో చుట్టు యాభై నిమిషాలో గంటో ఉంటుంది. చుట్టు ముగిసిన ప్రతిసారీ కాస్త మెలకువ వస్తుంది. మనకూ వస్తుంది గానీ అటు తిరిగి పడుకుంటాం, పొద్దున్నకి గుర్తు కూడా ఉండదు.

బిడ్డకి అలా కుదరదు. కళ్లు మూతపడేటప్పుడు ఉయ్యాల ఊగుతోంది, ఇప్పుడు ఆగిపోయింది. అప్పుడు నోట్లో రొమ్ము ఉంది, ఇప్పుడు లేదు. అప్పుడు అమ్మమ్మ భుజం, ఇప్పుడు పరుపు. ఏదో మారిపోయిందని ఏడుస్తుంది, మళ్లీ అదే కావాలంటుంది. రాత్రి రెండింటికి జరిగేదంతా నిజానికి రాత్రి ఎనిమిదిన్నరకి నిర్ణయమైపోయిన విషయం. కాబట్టి మార్చాల్సింది అర్ధరాత్రిని కాదు, నిద్రలోకి జారే ఆ చివరి ఐదు నిమిషాలని. ఆ ఐదు నిమిషాలూ బిడ్డ తన పక్క మీదే, ఊపు లేకుండా, నోట్లో పాలు లేకుండా ఉంటే చాలు. మిగతావన్నీ మన ఇంటి పద్ధతిలోనే సాగనివ్వచ్చు.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. సొంతంగా నిద్రపోవడం అనగానే చాలామంది బిడ్డని వేరే గదిలో పడుకోబెట్టి తలుపేసుకోవాలేమో అనుకుని భయపడతారు. మన విశాఖలో, ఎంవీపీ కాలనీలో రెండు గదుల ఫ్లాటయినా, గాజువాకలో అద్దె పోర్షనయినా వేరే గది మాటే లేదు. అవసరమూ లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ విడి పక్క మీద పడుకోబెట్టమంటుంది.

నాలుగు నెలల లోపు

ఈ వయసులో ఏ శిక్షణా వద్దు. పుట్టిన కొత్తలో రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతారు, ఆకలేసినప్పుడల్లా లేస్తారు, లేవాలి కూడా. రాత్రి, పగలు తేడా తెలిసే శరీర గడియారం రెండు మూడు నెలలకి గానీ కుదురుకోదు. దానికి సాయం మాత్రం చేయొచ్చు. పగలు కర్టెన్లు తీసి, కుక్కర్ విజిల్స్‌నీ వీధిలో కూరగాయల బండి కేకల్నీ ఆపకుండా ఉంచండి. రాత్రి పాలకి లేచినప్పుడు ట్యూబ్‌లైటు వేయకుండా జీరో బల్బుతో సరిపెట్టండి, మాటలు పెట్టుకోకండి. రోజుకొక్కసారి, పొద్దుటి తొలి కునుకుకి మాత్రం, మగతగా ఉన్నప్పుడే పక్క మీద పడుకోబెట్టి చూడండి. పడుకుంటే సంతోషం. లేకపోతే ఎత్తుకోండి, నష్టమేం లేదు.

ఆరో వారం చుట్టుపక్కల సాయంత్రాలు గుక్కపట్టి ఏడుస్తారు. దిష్టి అంటారు. ఉప్పు, మిరపకాయలు తిప్పి పారేస్తే మనకి కాస్త ధైర్యం, ఆ ఘాటు పొగ మాత్రం బిడ్డ ముక్కు దాకా రానివ్వకండి. సాంబ్రాణి సంగతీ అంతే. ఆ ఏడుపు మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. నిద్ర పట్టాలని గసగసాల పాలు, దగ్గు సిరప్పులు పట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప ఏదీ వద్దనే మాటలో వస కొమ్ము అరగదీసి నాకించడం కూడా వద్దనే ఉంది.

పక్క

పరుపు గట్టిగా ఉండాలి. అరచేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. పాత మెత్తని పరుపు కన్నా నేల మీద పలచని దూది పరుపు, దాని మీద బిగుతుగా లాగి మడిచిన నూలు దుప్పటి ఎంతో నయం. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, పక్కన అడ్డంగా పెట్టే దిండ్లు, బొమ్మలు, మెత్తని బొంత ఏవీ ఉండకూడదు. క్రిబ్ కొంటే చువ్వల మధ్య ఖాళీ ఆరు సెంటీమీటర్లు దాటకూడదు, పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లకి మించి దూరకూడదు. సోఫాలో బిడ్డని పొట్ట మీద వేసుకుని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

చీర ఉయ్యాల విషయంలో నేను కాస్త కటువుగానే చెబుతాను. అందులో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలవని వయసులో గడ్డం అలా దిగితే గాలి పోయే దారి సన్నబడుతుంది. మెలకువగా ఉన్నప్పుడు, కళ్లెదుట, కాసేపు ఊపడం వేరు, రాత్రంతా వదిలేయడం వేరు. స్ప్రింగ్ ఉయ్యాలదీ అదే సమస్య, పైగా కొక్కెం, స్ప్రింగు ఎప్పుడు సాగిపోతాయో తెలియదు. బిడ్డ బోర్లా పడటం నేర్చిందంటే ఉయ్యాల అటకెక్కించేయాలి. గుడ్డలో చుట్టి పడుకోబెట్టే అలవాటుంటే అది ఇంకా ముందే, బోర్లా తిరగబోయే గుర్తులు కనిపించగానే ఆపాలి.

ఇక మన ఊరి గాలి. ఉక్కపోతకి సగం రాత్రి మెలకువలు. పలచని నూలు చొక్కా ఒక్కటి చాలు. వేడి చూడాలంటే అరచేతులు కాదు, మెడ వెనక తడిమి చూడండి. అక్కడ చెమట ఉంటే ఎక్కువ కప్పారన్నమాట. ఏసీ 24 నుంచి 26 మధ్య, గాలి నేరుగా మొహానికి కొట్టకుండా. కరెంటు పోతే ఏసీతో పాటు ఆ చప్పుడూ ఆగిపోతుంది, ఆ నిశ్శబ్దానికే లేచే పిల్లలున్నారు. అందుకని ఏసీ ఉన్నా ఫ్యాన్ చిన్నగా తిరుగుతూ ఉండాలి, అది ఇన్వర్టర్ లైన్లో ఉండాలి. ఫోన్లో హోరు శబ్దం పెట్టేవాళ్లు దాన్ని మంచానికి రెండు మీటర్ల దూరంలో, మామూలు మాటల కన్నా చిన్నగా పెట్టుకోవాలి. దోమలకి గొడుగు నెట్ వాడండి, కాయిల్ వద్దు. బోర్లా పడి లాగే వయసొస్తే నెట్ అంచులు పరుపు కింద దోపేలా ఉండాలి.

వెలుతురు సంగతి ఇక్కడ చాలామంది లెక్కలోకి తీసుకోరు. తూర్పున సముద్రం, మే, జూన్ నెలల్లో ఐదున్నర కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు. బీచ్ వైపు కిటికీ ఉన్న గదిలో బిడ్డ ఐదున్నరకే లేచిందంటే తప్పు నిద్రది కాదు, కర్టెన్‌ది. ముదురు రంగు మందపాటి గుడ్డ రెండు పొరలు, కిటికీ చట్రానికి నాలుగువైపులా అంటేలా కడితే పొద్దుటి నిద్ర కాస్త కలిసొస్తుంది.

గంటలు

నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. అంతకన్నా ముఖ్యమైన లెక్క ఒకటుంది. ఒక నిద్రకీ మరో నిద్రకీ మధ్య బిడ్డ ఎంతసేపు మేలుకుని ఉండగలదన్నది. నాలుగైదు నెలలకి గంటన్నర నుంచి రెండుంబావు గంటలు, ఆరు నుంచి ఎనిమిది నెలలకి రెండు నుంచి మూడు గంటలు, తొమ్మిది దాటాక మూడు నుంచి నాలుగు గంటలు. ఆ సమయం దాటిపోతే అలసటకి శరీరం ఉల్టా హుషారెక్కుతుంది. కేరింతలు కొడుతూ ఆడుతుంది, పడుకోబెట్టగానే విరుచుకుని ఏడుస్తుంది. "నిద్రే రావట్లేదు దీనికి" అని ఇంకో గంట ఆడిస్తారు. వచ్చిన నిద్ర వెళ్లిపోయిందన్నది అసలు సంగతి. చూపు ఒకచోట నిలిచిపోవడం, మొహం పక్కకి తిప్పేసుకోవడం, కనుబొమ్మల దగ్గర ఎర్రబడటం ముందు గుర్తులు. కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం వచ్చేసరికి ఆలస్యమైనట్టే.

ఏడింటికల్లా పడుకోబెట్టాలని పరాయి దేశపు పుస్తకాలు చెబుతాయి. స్టీల్‌ప్లాంట్‌లో బి షిఫ్ట్ దిగి రాత్రి పదిన్నర దాటాక ఇల్లు చేరే నాన్న ఉన్న ఇంట్లో, ఎనిమిదికి సీరియల్, తొమ్మిదికి భోజనాలు ఉన్న ఇంట్లో ఏడు గంటల నియమం మూడో రోజుకే కూలిపోతుంది. ఎనిమిదిన్నరకి పడుకుని ఏడింటికి లేచినా లెక్క సరిపోతుంది. ప్రతిరోజూ ఒకే వేళ ఉండాలి, అంతే. షిఫ్ట్ దిగొచ్చిన నాన్న నిద్రపోతున్న బిడ్డని ఎత్తుకుని ముద్దాడటం మాత్రం మానాలి. తన వంతు పొద్దున తీర్చుకోవచ్చు.

మొదలుపెట్టేటప్పుడు బిడ్డ ఇప్పుడు నిజంగా ఎన్నింటికి నిద్రపోతోందో మూడు రోజులు రాసిపెట్టండి. తొమ్మిదింబావుకి అయితే, మొదటి వారం పడుకోబెట్టే వేళ అదే. పక్క మీద వేశాక పావుగంటలోపు నిద్రపడుతుంటే రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకి జరపండి. నిద్ర బలంగా ఉన్నప్పుడు పక్క అలవాటు చేయడం తేలిక, అందుకే వేళని మొదట్లో ఇలా వెనక్కి ఉంచడం. సాయంత్రం ఐదు దాటాక పడే కునుకు ఆరు నెలలు దాటిన బిడ్డ రాత్రి నిద్రని తినేస్తుంది, మెల్లగా లేపేయండి.

చివరి అరగంట, చివరి ఐదు నిమిషాలు

వరస ఇది. గోరువెచ్చని నీళ్లతో స్నానం లేదా తడిగుడ్డతో తుడవడం, పొడి డైపరు, బట్టలు, పాలు, తేన్పు, జోలపాట, పక్క. మొత్తం ముప్పై నిమిషాలు దాటక్కర్లేదు. ఇందులో పాలు వచ్చే చోటే కీలకం. పాలిస్తూ నిద్రపుచ్చడం అలవాటైతే పాలని వరసలో రెండడుగులు ముందుకి జరపండి, పాలకీ పక్కకీ మధ్య పదిహేను ఇరవై నిమిషాలు ఉండాలి. లైటు వేసే ఉంచి పాలిస్తే మగతలోకి జారిపోదు. జారిపోతే అరికాలు నిమిరి లేపి, అప్పుడు పడుకోబెట్టండి. సగం తెరిచిన కళ్లతో పక్క చేరాలి, మూసిన కళ్లతో కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "మగతగా ఉన్నప్పుడు" అంటే చాలామంది కళ్లు మూతపడ్డాక అనుకుంటారు. అప్పటికి నేర్చుకోవాల్సిన ఐదు నిమిషాలూ చేతుల్లోనే అయిపోయాయి.

పడుకోబెట్టేటప్పుడు పిర్రలు ముందు ఆననివ్వాలి, తర్వాత వీపు, చివరగా తల. తల ముందు ఆనితే పడిపోతున్నట్టనిపించి చేతులు విదిల్చి ఉలిక్కిపడతారు. ఛాతీ మీద చెయ్యి అర నిమిషం అలాగే ఉంచండి.

ఉయ్యాల అలవాటుండి, ఇంకా బోర్లా పడని బిడ్డకి ఒక్కసారిగా పక్క వద్దు. మొదటి మూడు రాత్రులు ఉయ్యాలలోనే, కానీ కళ్లు బరువెక్కగానే ఊపు ఆపేయాలి. ఏడిస్తే నాలుగు ఊపులు ఊపి మళ్లీ ఆపండి. తర్వాతి మూడు రాత్రులు అసలు ఊపు లేకుండా, ఆగిన ఉయ్యాలలో జోకొట్టడం మాత్రమే. క్షణానికి ఒకటి చొప్పున మొదలుపెట్టి నెమ్మది చేస్తూ పోవాలి. ఈ ఆరు రాత్రులూ నిద్రపట్టాక మాత్రం పక్క మీదికే మార్చేయండి. ఏడో రాత్రి నుంచి అదే జోకొట్టుడు పక్క మీద. ఊపు, చోటు రెండూ ఒకే రాత్రి మార్చితే బిడ్డకి పట్టుకోవడానికి పాతది ఏదీ మిగలదు.

ఆ తర్వాత మీరు తప్పుకోవడం. మూడు రాత్రులు పక్కనే కూర్చుని చెయ్యి ఆనించి, మూడు రాత్రులు పక్కనే గానీ చెయ్యి లేకుండా, మూడు రాత్రులు ఒక మీటరు దూరంగా, మూడు రాత్రులు గుమ్మం దగ్గర. అదే గదిలో పడుకునేవాళ్లు గుమ్మం బదులు తమ మంచం మీదికి చేరితే సరిపోతుంది. కళ్లలోకి చూడకండి, ఫోను తీయకండి. ఆ వెలుతురే ఆటకి పిలుపు. ఏడుపు పెరిగితే చెయ్యి వేసి "ష్‌" అనొచ్చు, తగ్గగానే తీసేయాలి.

ఆరు నెలలు దాటిన బిడ్డ మనిషి పక్కనుంటే ఇంకా రెచ్చిపోతే గడియారం పద్ధతి ఉంది. మొదటి రాత్రి మూడు నిమిషాలకి, ఆపై ఐదుకి, ఆపై పదికి వెళ్లి ఒక్క నిమిషం మాట్లాడి, తట్టి, ఎత్తకుండా వచ్చేయడం. రెండో రాత్రి ఐదు, పది, పన్నెండు. మూడో రాత్రి పది, పన్నెండు, పదిహేను. 2016లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 43 మంది పసిపిల్లలతో ఈ పద్ధతినీ, పైన చెప్పిన వేళ వెనక్కి జరిపే పద్ధతినీ పరీక్షించారు. ఒత్తిడి హార్మోను పెరగలేదు, ఏడాది తర్వాత తల్లిదండ్రులతో అనుబంధంలో తేడా కనిపించలేదు. చిన్న అధ్యయనమే. అయినా కాసేపు ఏడిస్తే మనసు దెబ్బతింటుందన్న భయానికి అందులో ఆధారం దొరకలేదు. నా మటుకు నేను అత్తామామలతో కలిసి ఉండే ఇంట్లో కూర్చునే పద్ధతికే ఓటేస్తాను. కారణం బిడ్డ కాదు, గోడ అవతల వింటున్న నానమ్మ.

ఆవిడతో ముందే మాట్లాడాలి. "పసిదాన్ని అలా ఏడిపిస్తారా" అని పదో నిమిషంలో వచ్చి ఎత్తుకుంటే ఆ పది నిమిషాల ఏడుపూ వృథా. అంతకన్నా నష్టం, గట్టిగా పది నిమిషాలు ఏడిస్తే ఎత్తుకుంటారని బిడ్డ నేర్చుకుంటుంది, రేపు పదిహేను నిమిషాలు ఏడుస్తుంది. "అత్తయ్యా, స్నానం, పాట మీవి, పక్క మీద వేశాక మేం చూసుకుంటాం" అని పని పంచుకుంటే ఇబ్బంది ఉండదు. ఆవిడ పాటే బిడ్డకి నిద్రవేళ గుర్తు అవుతుంది. ఇక రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి మధ్య ఏడుపు మొదటిరోజు కన్నా పెరగొచ్చు. పాత దారి ఇంకా తెరిచే ఉందేమోనని గట్టిగా ప్రయత్నించడం అది. చాలా ఇళ్లలో ఆపేసేది సరిగ్గా ఆ రాత్రే.

అర్ధరాత్రి

కదిలిన వెంటనే ఎత్తకండి. రెండు మూడు నిమిషాలు ఆగండి, సగం సార్లు అది నిద్రలో మూలుగే. మనం ఎత్తుకుని లేని మెలకువ తెప్పిస్తాం. నిజంగా లేస్తే రాత్రి ఎనిమిదిన్నరకి చేసిందే ఇప్పుడూ చేయాలి.

పాల సంగతి వేరు. ఆరు నెలల లోపు రాత్రి పాలు తగ్గించే ఆలోచన వద్దు. తల్లిపాలు తాగే బిడ్డకి ఏడాది దాకా ఒకట్రెండుసార్లు ఉన్నా ఫర్వాలేదు, నిద్రపుచ్చే సాధనంగా కాకుండా ఆకలికి ఇస్తే చాలు. బరువు బాగా పెరుగుతూ, ఆరు నెలలు దాటి డబ్బా పాలు తాగే బిడ్డకి డాక్టరుతో మాట్లాడి తగ్గించొచ్చు. రాత్రి తాగేది 60 మిల్లీలీటర్ల లోపే అయితే నేరుగా మానిపించొచ్చు. అంతకు మించితే రెండు రాత్రులకోసారి 20 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గిస్తూ రండి. నీళ్లు కలిపి పలచన చేయడం తప్పు.

పగటి కునుకులు తర్వాత చూసుకోవచ్చు. రాత్రి కుదిరిన వారం పది రోజులకి పొద్దుటి కునుకుతో మొదలుపెట్టండి. ఐదారు నెలల దాకా అరగంట, ముప్పావుగంట కునుకులు మామూలే, వాటిని సాగదీయాలని కుస్తీ పట్టక్కర్లేదు.

ఎప్పుడు వద్దు

6, 10, 14 వారాల టీకాలప్పుడు ఎలాగూ వయసు రాలేదు గానీ, తొమ్మిదో నెల టీకా వేయించిన రెండు మూడు రోజులు, జలుబు, విరేచనాలు ఉన్న రోజులు, సొంతింటికి వచ్చిన మొదటి రెండు వారాలు, తల్లి సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరే వారం, ఇవన్నీ వదిలేయండి. సంక్రాంతికి శ్రీకాకుళం వైపు ఊరెళ్తే పది చేతులు మారుతుంది, ఆ మూడు రోజులూ పోనివ్వండి. బిడ్డ పక్క దుప్పటి ఉతక్కుండా అదే తీసుకెళ్లండి, వాసన తెలుస్తుంది. తిరిగొచ్చిన రాత్రే పాత వరస మొదలుపెడితే మూడు నాలుగు రాత్రుల్లో దారికొస్తుంది.

గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా, పాలు తాగేటప్పుడు చెమటలు పడుతున్నా, బరువు పెరగకపోయినా ఇది అలవాటు సమస్య కాదు, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగం ఉండనే ఉంది. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరినా, దాటినా పొద్దున్న దాకా ఆగొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డ రాత్రంతా కాళ్లు కొట్టుకుంటూ కలత నిద్రపోతే రక్తహీనత ఉందేమో అడగండి. ఐరన్ తక్కువైన పిల్లల్లో నిద్ర ఇలా ఉండటం కద్దు. ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ ఆశా కార్యకర్త దగ్గర ఉచితం. చాలా ఇళ్లలో సీసా తెచ్చి ఫ్రిజ్ మీద మరిచిపోతారు.

ఇవేవీ లేకుండా, రోజూ ఒకే వేళకి ఒకే వరస పాటించినా రెండు వారాల్లో ఏ మార్పూ లేకపోతే ఆపేయండి. పాత పద్ధతిలో నిద్రపుచ్చుకుంటూ మూడు వారాలు ఆగి, మేలుకునే గంటలు మళ్లీ లెక్క చూసుకుని, మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి.